ఇర్గాక్యూర్ 2959 (వెలుగు తగిలితే జెల్ గట్టిపడటాన్ని మొదలుపెట్టే ఇనిషియేటర్)తో జెల్ అడుగు జిగురుగా మిగిలిపోతోంది. ఎల్‌ఏపీ అనే మరో ఇనిషియేటర్‌కి మారితే సరిపోతుందా?

ప్రశ్న (జెల్_బల్ల):
10 శాతం జెల్మా (వెలుగుతో గట్టిపడేలా మెథాక్రిలేట్ తగిలించిన జెలటిన్), 0.5 శాతం ఇర్గాక్యూర్ 2959, రెండూ పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పుల బఫర్)లో. 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ. నమూనా పెట్టే చోట మీటర్ చూపేది చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లు. 3 మిల్లీమీటర్ల లోతున్న పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) అచ్చులో పోసి, పైన గాజు కవర్‌స్లిప్ మూసి 5 నిమిషాలు వెలుగు పెడుతున్నాం. అచ్చులోంచి తీసినప్పుడు జెల్ బాగానే ఉంటుంది. 37 డిగ్రీల పీబీఎస్‌లో వేశాక అడుగు, పక్కలు జిగురుగా కరిగి ఊడిపోతాయి. కవర్‌స్లిప్ తగిలిన పైభాగం మాత్రం గట్టిగానే ఉంటుంది. ఇంకో చిక్కు: ఇర్గాక్యూర్ పూర్తిగా కరగదు, తెల్లటి నలకలు మిగులుతాయి. వాటిని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో తీసేస్తున్నాం. ఎల్‌ఏపీకి మారితే రెండూ తీరతాయా? ఎంత వాడాలి?

జవాబు 1 (యూవీ_క్యూవెట్):
ముందు ఆ ఫిల్టర్ సంగతి చూడండి. కరగని నలకల్ని వడకడుతున్నారంటే ఇనిషియేటర్‌నే వడకట్టి పారేస్తున్నారు. సీసా మీద 0.5 శాతం అని రాసి ఉన్నా లోపల ఉన్నది ఎంతో తెలీదు, పైగా ప్రతి బ్యాచ్‌కీ మారుతుంది.

2959కి గది ఉష్ణోగ్రతలో నీటిలో కరిగే గుణం 1 శాతం కూడా ఉండదు. 0.5 అంటే దాదాపు అంచు మీద ఉన్నట్టే. జెల్మా వేయకముందే, ఉత్త పీబీఎస్‌లో, రేకు చుట్టిన సీసాలో 70 డిగ్రీల దగ్గర అరగంట కలుపుతూ ఉంచండి. సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టి తిప్పినప్పుడు ఒక్క నలకా మెరవకూడదు. అప్పుడు 50 డిగ్రీలకు దించి జెల్మా వేయండి. ఫిల్టర్ చేయాలంటే వెచ్చగా ఉండగానే చేయాలి. ఫ్రిజ్‌లో దాస్తే నలకలు మళ్లీ తేలతాయి, ఏ రోజుది ఆ రోజు కలుపుకోవడమే మేలు.

అనుమానం తీరాలంటే ఇలా చేయండి. 0.1 శాతం ద్రావణం కొత్తగా కలపండి, అది తేలిగ్గా కరుగుతుంది. దాన్ని 200 రెట్లు, మీ 0.5 శాతం ద్రావణాన్ని 1000 రెట్లు పలుచన చేయండి. రెండూ 276 నానోమీటర్ల దగ్గర ఒకే అబ్సార్బెన్స్ (ద్రావణం వెలుగును ఎంత శోషించిందో చెప్పే అంకె) చూపాలి. మీది తక్కువ వస్తే ఆ తేడా ఫిల్టర్‌లో ఉండిపోయిందన్నమాట. జెల్మా కలిపాక ఈ కొలత పనికిరాదు, ప్రొటీన్ కూడా అక్కడే శోషిస్తుంది.

ఎల్‌ఏపీ నీటిలో 8 శాతం దాకా కరుగుతుంది కాబట్టి ఈ బాధే ఉండదు. మారిపోండి, 0.25 శాతంతో మొదలుపెట్టండి.

జవాబు 2 (అచ్చు_పని):
నలకల గురించి పైన చెప్పింది సరే. కానీ అడుగు జిగురుకు మందు ఎల్‌ఏపీ కాదు. అడుగు గట్టిపడలేదంటే అందరూ ముందు వెలుగునే అనుమానిస్తారు. లెక్క వేసి చూద్దాం.

2959 అణుభారం 224, అంటే 0.5 శాతం సుమారు 22 మిల్లీమోలార్. 365 దగ్గర దాని మోలార్ శోషణ గుణకం (వెలుగును పట్టుకునే బలం) 4 మాత్రమే. 3 మిల్లీమీటర్లకు అబ్సార్బెన్స్ 0.027. పైన పడిన వెలుగులో 94 శాతం అడుగుదాకా వెళ్తోంది. పైభాగం ఎంత గట్టిపడిందో అడుగూ అంతే గట్టిపడాలి. పైగా మీకు పక్కలు కూడా జిగురుగా ఉన్నాయంటున్నారు. గాజు తగిలిన చోట బాగుంది, పీడీఎంఎస్ తగిలిన చోటల్లా చెడింది. దోషి అచ్చే.

పీడీఎంఎస్‌లోంచి ఆక్సిజన్ ధారాళంగా వెళ్తుంది, నీటిలో కన్నా అందులోనే ఎక్కువ కరిగి ఉంటుంది. గాలి తగిలే నీటిలో 25 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ సుమారు 0.26 మిల్లీమోలార్. జెల్ లోపల ఆ కొంచెం ఖర్చయిపోగానే జెల్‌ను గట్టిపరిచే గొలుసు చర్య మొదలవుతుంది. అచ్చు గోడ దగ్గర మాత్రం ఖర్చయినంతా మళ్లీ వచ్చి చేరుతూనే ఉంటుంది. వెలుగుకు ఇనిషియేటర్ విడిపోయి పుట్టిన రాడికల్స్ (చురుకైన ముక్కలు) ఆక్సిజన్‌ను పట్టుకుని పెరాక్సిల్ రాడికల్స్ అవుతాయి, వాటికి మెథాక్రిలేట్‌ను అందుకునే సత్తా లేదు. 2959 ఈ వెలుగులో రాడికల్స్‌ను నిదానంగా పుట్టిస్తుంది కాబట్టి గోడ దగ్గర ప్రతిసారీ ఆక్సిజనే గెలుస్తుంది.

తీసేటప్పుడు బాగానే ఉన్నట్టు కనబడటం మోసం. జెల్మా చల్లబడితే జెలటిన్‌లాగే దానంతట అదే పేరుకుంటుంది, క్రాస్‌లింక్ (గొలుసులు ఒకదానికొకటి ముడిపడటం) కాకపోయినా. 37 డిగ్రీల్లో రాత్రంతా నానబెట్టాక మిగిలిందే అసలు జెల్.

చేయాల్సింది: అచ్చు అడుగున కూడా కవర్‌స్లిప్ పరవండి. పక్కలకు పీడీఎంఎస్ వాడటం మానేసి, రెండు గాజు పలకల మధ్య 3 మిల్లీమీటర్ల టెఫ్లాన్ స్పేసర్ వాడండి. పీడీఎంఎస్ తప్పనిసరైతే వాడే ముందు కొన్ని గంటలు వాక్యూమ్ డెసికేటర్‌లో ఉంచి, తీసిన వెంటనే పోయండి. ఆలస్యమైతే గాలి మళ్లీ ఎక్కుతుంది. ద్రావణంలోకి నైట్రోజన్ బుడగలు పంపొద్దు, నురగ వచ్చి జెల్ నిండా గుంటలు పడతాయి.

జవాబు 1 (యూవీ_క్యూవెట్):
అచ్చు విషయం నేను చూసుకోలేదు, మీరన్నదే నిజం. అయినా ఎల్‌ఏపీతో గోడ దగ్గరి జిగురు పొర పలచబడుతుంది కదా. 365 దగ్గర దాని గుణకం 218, 2959కి 4. 0.25 శాతం ఎల్‌ఏపీ, 0.5 శాతం 2959 కన్నా 20 రెట్లు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది.

జవాబు 2 (అచ్చు_పని):
పలచబడుతుంది, పోదు. ఆ 20 రెట్లే 3 మిల్లీమీటర్ల దగ్గర ఎదురు తిరుగుతుంది. ఎల్‌ఏపీ అణుభారం 294, 0.25 శాతం అంటే 8.5 మిల్లీమోలార్, 3 మిల్లీమీటర్లకు అబ్సార్బెన్స్ 0.56. అడుగుకు చేరేది 28 శాతం వెలుగు. 0.5 శాతం వేస్తే 8 శాతమే చేరుతుంది, అప్పుడు నిజంగానే వెలుగు వల్ల అడుగు మెత్తబడుతుంది. 0.1 శాతం దగ్గర 60 శాతం చేరుతుంది. వెలుగు తగిలేకొద్దీ ఎల్‌ఏపీ విడిపోయి శోషణ తగ్గుతుంది నిజమే, కానీ దాన్ని నమ్ముకుని ఎక్కువ వేయడం నాకు నచ్చదు. ఈ మందానికి 0.1 చాలు. సన్నటి పొరలకైతే 0.25 బాగుంటుంది.

ప్రశ్నించినవారు (జెల్_బల్ల):
రెండు వైపులా గాజు పెడతాం. ఎల్‌ఏపీ స్టాక్ (ముందే చిక్కగా కలిపి ఉంచుకునే ద్రావణం) ఎలా చేసుకోవాలి? కణాలు కలిపేటప్పుడు మీడియం (కణాల పోషక ద్రవం)లో ఫీనాల్ రెడ్ అనే రంగు ఉంటే ఇబ్బందా? 405 నానోమీటర్ల ఎల్‌ఈడీ కూడా ఉంది.

జవాబు 3 (పసుపు_దీపం):
స్టాక్ 1 శాతం: 10 మి.గ్రా. ఎల్‌ఏపీ, 1 మి.లీ. పీబీఎస్, 37 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు. నలకల్లేకుండా కరిగాక 0.22 ఫిల్టర్. రేకు చుట్టి 4 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. 11.1 శాతం జెల్మా 9 పాళ్లకు ఈ స్టాక్ 1 పాలు వేస్తే 10 శాతం జెల్మా, 0.1 శాతం ఎల్‌ఏపీ వస్తాయి. కలిపే గదిలో కిటికీ తెర వేసి పసుపు దీపం పెట్టండి. పగటి వెలుగు తగిలితే సిరంజిలోనే గట్టిపడుతుంది, సూది మొన దగ్గర ముందు.

405 దగ్గర ఎల్‌ఏపీ గుణకం 365లో ఉన్నదానికి నాలుగో వంతు కూడా ఉండదు. కణాలకు మంచిది, లోతుకూ వెళ్తుంది, సమయం మాత్రం పెంచాలి. 2959 అక్కడ అసలు పనిచేయదు, కాబట్టి ఆ దీపం కింద పాత ద్రావణం పెట్టి పరీక్షించకండి. ఫీనాల్ రెడ్ 405 దగ్గర గట్టిగా శోషిస్తుంది, అది లేని మీడియమే తీసుకోండి.

సమయాన్ని ఒకేసారి తేల్చేయకండి. 365 దగ్గర 10 మిల్లీవాట్లతో 15, 30, 60, 90 సెకన్లు, ఒక్కోదానికి మూడు జెల్స్. తూచి, 37 డిగ్రీల్లో రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి మళ్లీ తూచండి. పొడి బరువు పెరగడం ఎక్కడ ఆగిందో అదే మీ సమయం, అది దాటితే కణాలకు నష్టమే. ఎల్‌ఈడీ మచ్చ అంచుల్లో వెలుగు పడిపోతుంది, మీటర్‌ను మధ్యలోనే కాక నాలుగు మూలలా పెట్టి చూడండి.