డాట్‌ఎన్వ్ పెట్టినా విలువ అన్‌డిఫైన్డ్ అంటోంది, ఎందుకు?

ప్రశ్న: నోడ్ 20లో (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) బిల్డ్ స్క్రిప్ట్ అండి. మొదటి లైన్లోనే డాట్‌ఎన్వ్ (ఎన్వ్ ఫైల్లో రాసిన విలువల్ని ప్రోగ్రామ్‌కి అందించే ప్యాకేజీ) కాన్ఫిగ్ ఫంక్షన్ పిలుస్తున్నా, అయినా ఆ కింద ఇంపోర్ట్ చేసిన సెట్టింగ్స్ ఫైల్లో ఏపీఐ అడ్రస్ అన్‌డిఫైన్డ్ (అంటే విలువే లేదు) అనే వస్తోంది. పొద్దున్నుంచి ఇదే టెన్షన్.

జవాబు: ఈఎస్ మాడ్యూల్స్ (ఇంపోర్ట్‌తో ఫైళ్లు కలిపే జావాస్క్రిప్ట్ పద్ధతి) వాడుతున్నట్టున్నారు. అందులో ఇంపోర్ట్‌లు ఎక్కడ రాసినా ముందు అవే నడుస్తాయి, మీ కాన్ఫిగ్ వంతు వచ్చేసరికి సెట్టింగ్స్ ఫైల్ పని అయిపోయి ఉంటుంది. 'డాట్‌ఎన్వ్/కాన్ఫిగ్'ని అన్నిటికన్నా పైన ఇంపోర్ట్ చేయండి.

ఇంకో జవాబు: అసలు ఆ ప్యాకేజీ ఎందుకండీ, 20.6 నుంచి నోడ్‌లోనే ఎన్వ్ ఫైల్ని చదివే ఎన్వ్-ఫైల్ ఫ్లాగ్ ఉందిగా. అన్నట్టు, ఆ విలువలన్నీ స్ట్రింగ్‌లే, అంటే ఉత్త అక్షరాలే. మినిఫై (కోడ్ సైజు తగ్గించడం) వద్దని మినిఫై=ఫాల్స్ అని రాసి నేరుగా ఇఫ్‌లో పెడితే ట్రూ కిందే లెక్క, దీంతో నాకు ఓ సాయంత్రమంతా పోయింది.

అడిగినవారు: పైకి మార్చా, వచ్చేసింది! ఫాల్స్ సంగతి ఇప్పుడే చూస్తున్నా, నాదీ అదే కథ.