అప్‌డేట్: కన్యాశుల్కం వ్యాసంలో ఉదాహరణల సంగతి
గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కంలోని గిరీశంలో మార్పు వచ్చిందా అన్న నా వ్యాసంలో ఉదాహరణల మధ్య వాదన కనిపించడం లేదని మేడమ్ తిప్పి పంపారనీ, ఏం చేయాలనీ పర్లాకిమిడి నుంచి కిందటి నెల అడిగాను. మీరు చెప్పినట్లు పదకొండింటిలో ఎనిమిది తీసివేసి, 1909 నాటి రెండవ కూర్పు చివర అతడు పలికే “డామిట్! కథ అడ్డంగా తిరిగింది” అన్న మాట దగ్గరే ఎక్కువసేపు ఆగాను. బండారం బయటపడినప్పుడు కూడా అతడు తన తప్పు గురించి కాక “కథ” గురించే మాట్లాడుతున్నాడు కనుక, జరిగినదంతా ఇంకా తాను నడిపిన పన్నాగంగానే చూస్తున్నాడని ఆ ఒక్క పదంతో చూపగలిగాను. నిజానికి నా వ్యాసం మొదటి ప్రతిలో ఇదే వాక్యాన్ని హాస్యానికి నిదర్శనమని రాసి వదిలేశాను. 1897 నాటి మొదటి కూర్పుతో పోల్చమన్న సలహా మాత్రం పాటించలేకపోయాను. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఈ ఊళ్లో ఆ ప్రతి నాకు దొరకలేదు. వ్యాసాన్ని నిన్న అంగీకరించారు.