ధాత కరువులో బాప్తిస్మం లేకుండా పోయిన మా అవ్వకి రక్షణ లేనట్టేనా?

గుండ్లకమ్మ:
అందరికీ వందనాలు. పోయిన నెల మా ఊరి కూటాలకి వచ్చిన ఒక ప్రసంగీకుడు మైకులో గట్టిగా చెప్పాడు, యేసును ఒప్పుకుని బాప్తిస్మం తీసుకోకుండా పోయిన మీ తాతముత్తాతలంతా నరకంలోనే ఉన్నారు, ఇప్పుడు మీరెంత ఏడ్చినా లాభం లేదని. ఆ రాత్రి మా అమ్మ అన్నం తినలేదు. పెరుగు కలుపుకుని, ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టకుండా పళ్ళెం పక్కకి జరిపేసి, "మరి తాతయ్య వాళ్ళ అవ్వ సంగతేంట్రా?" అంది.

ఆ సంగతి ఏంటంటే, మా తాతయ్యకి తాత 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నాడు. జూలై 3న ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున ఏట్లో నిలబడి ఇచ్చారు. ఆయన భార్య మాత్రం అంతకు ఏడాది ముందే ధాత కరువులో (1876-78 నాటి పెద్ద కరువు) పోయింది. మా ఇంట్లో చెప్పుకునేదాన్ని బట్టి, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసే బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కానీ ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర కరువు రోజుల్లో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు గానీ బాప్తిస్మం దగ్గర ఆగమన్నాడు. ఆయన ఆగమన్నాడు, ఈమె ఆగలేకపోయింది. మరి ఈమెకి రక్షణ ఉందా లేదా? నాకు వాక్యంతో జవాబు కావాలి, ఓదార్పు మాటలు వద్దు.

వాక్యం_మాత్రమే:
వందనాలు బ్రదర్. అమ్మగారి బాధ అర్థమవుతోంది, అయినా వాక్యాన్ని మన బాధకి తగ్గట్టు వంచలేం. అపొస్తలుల కార్యములు 4:12 చూడండి, ఈ నామముననే తప్ప వేరే ఏ నామమున రక్షణ లేదు. యోహాను 14:6 కూడా అదే చెబుతుంది. రోమా 10:14లో పౌలు, ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారు అని అడిగాడు. వినకపోయినా ఫరవాలేదు, తెలియనివాళ్ళకి ఎలాగూ రక్షణ ఉంది అనుకుంటే ఇక సువార్త ఎందుకు? క్లౌ దొర అసలు ఒంగోలు రాకుండా ఉంటేనే మేలు కదా, అందరూ తెలియకుండానే తరించిపోయేవాళ్ళు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

హేతువు:
నేను నమ్మేవాణ్ణి కాదు, ముందే చెబుతున్నా. కానీ ఆ తల్లి అన్నం మానేసిందని చదివాక ఊరుకోలేకపోయాను. అసలు చావంటే మనిషికున్న భయంలోంచే మతం పుట్టింది. చనిపోయినవాళ్ళు కలలోకి వస్తారు కాబట్టి ఒంట్లో ఆత్మ అనేదొకటి ఉందని ఆదిమానవుడు అనుకున్నాడని 1871లోనే టైలర్ అనే ఇంగ్లీషు మానవశాస్త్రవేత్త రాశాడు. ఆ ఆత్మల్లోంచే దేవుళ్ళు, దేవుళ్ళలోంచి స్వర్గ నరకాలు వచ్చాయి. మనుషులు కల్పించుకున్న నరకం గురించి ఒక మనిషి మైకు పట్టుకుని ఇంకో మనిషిని ఏడిపించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఇంకో మాట, జీవితమంతా హత్యలు చేసినవాడు ఆఖరి నిమిషంలో నమ్మితే స్వర్గం, కరువులో ఉన్న గంజి పిల్లలకి పోసి తను పస్తుండి చచ్చిపోయిన తల్లికి నరకం, ఇదేం న్యాయం?

పినపాక_అడవి:
మతం పుట్టుక గురించి అంటున్నారు కాబట్టి ఒక మాట. మా వైపు జానంపేట అడవిలో రాక్షస గుళ్ళ దగ్గర శిలువ ఆకారంలో నిలువెత్తు రాళ్ళున్నాయి. క్రైస్తవం ఇక్కడికి చాలా ముందే వచ్చింది అనడానికి అవి సాక్ష్యం కాదా?

హేతువు:
కాదు తమ్ముడూ. పందొమ్మిదో శతాబ్దంలో వాటిని చూసిన ఇంగ్లీషువాళ్ళలో కొందరు అలాగే అనుకున్నారు. అవి ఇనుప యుగం సమాధులు, ఆ రాళ్ళు చేతులు చాచిన మనిషి ఆకారాలు, కొన్నింటిలో స్త్రీ ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఆ సమాధుల్లో శవాలతో పాటు కుండలు, ఇనప పనిముట్లు పెట్టారు చూడు, నేను చెప్పింది సరిగ్గా అదే. చచ్చినా మనిషి ఎక్కడో ఉంటాడనే ఆశతో పెట్టారు.

మరియ_ఫిరంగిపురం:
మేము కతోలికులం. గుండ్లకమ్మ తమ్ముడూ, నీ ప్రశ్న కొత్తది కాదు. 392లో వలెంతీనియన్ అనే యువ రోమా చక్రవర్తి జ్ఞానస్నానం (మీరు బాప్తిస్మం అనేది) కోసం ఎదురుచూస్తూ, అది అందకముందే చనిపోయాడు. అతని అక్కచెల్లెళ్ళు మీ అమ్మలాగే కుమిలిపోతుంటే మిలాన్ బిషపు అంబ్రోసు అంత్యక్రియల ప్రసంగంలో వాళ్ళకి చెప్పాడు, అతను అడిగాడు కాబట్టి అతనికి దొరికిందని. జ్ఞానస్నానం కోరుకుంటూ చనిపోయినవాళ్ళకి ఆ కోరికే జ్ఞానస్నానం అని మా సభ, అంటే కతోలిక సంఘం, ఇప్పటికీ నేర్పుతుంది. 1964లో మా బిషపులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ ఇంకో అడుగు వేసింది. తమ తప్పేమీ లేకుండా సువార్త ఎరగనివాళ్ళు, మనస్సాక్షి చెప్పినట్టు దేవుణ్ణి వెతుకుతూ బతికితే వాళ్ళు కూడా రక్షణ పొందవచ్చు అంది. అందరూ పొందుతారు అనలేదు. పొందవచ్చు అంది.

గుండ్లకమ్మ:
మరియ అక్కా, మీరు చెప్పిన చక్రవర్తి సంగతి నాకు ఇంతవరకూ తెలియదు, చాలా మేలు చేశారు. మేము బాప్తిస్టులం కాబట్టి సభ చెప్పింది అంటే మావాళ్ళు ఒప్పుకోరు, అందుకే లేఖనం లోంచే మాట్లాడతాను.

హేతువు గారూ, నమ్మకం భయంలోంచి పుట్టిందే అనుకుందాం. అంతమాత్రాన అది అబద్ధమని తేలదు. ఆకలి వేస్తుంది కాబట్టి అన్నం అనేది మనం కల్పించుకున్నదే అనం కదా. పైగా భయం ఒక్కటే అన్నిటినీ వివరించదు. టర్కీలో గోబెక్లి తెపె అనే చోట దాదాపు 11 వేల ఏళ్ళ కిందట, సేద్యం ఇంకా స్థిరపడకముందే, మనుషులు టన్నుల బరువున్న రాతి స్తంభాలు చెక్కి నిలబెట్టారు. అది గుడా, ఊరా, రెండూనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు, కానీ వేట మీద బతికే జనం పదిమందీ కూడి ఇంత శ్రమ పడటానికి భయం ఒక్కటే సరిపోతుందా? ఏథెన్సులో పౌలు "తెలియబడని దేవునికి" అని రాసి ఉన్న బలిపీఠం చూసి వాళ్ళని ఎగతాళి చేయలేదు. మనుషులు దేవుణ్ణి తడవులాడుతున్నారని, అంటే తడుముకుంటూ వెతుకుతున్నారని అన్నాడు. మీ రాక్షస గుళ్ళలో కుండ పెట్టిన చెయ్యి నాకు ఆ తడవులాడే చెయ్యిలాగే కనిపిస్తుంది.

హంతకుడి సంగతికి ఒక్క ముక్క. కృప కూలి లెక్కన రాదు. విశ్వాసమా, క్రియలా అని నాలుగు వందల ఏళ్ళకి పైగా కొట్టుకున్న లూథరన్లు, కతోలికులు 1999లో కలిసి సంతకం పెట్టిన మాట కూడా ఇదే, దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లే, మంచి పనులు ఆ వెనక వచ్చే పంట. గంజి పిల్లలకి పోసిన తల్లికి నరకం అని మాత్రం నేను ఎక్కడా అనలేదు, అనలేను.

వాక్యం_మాత్రమే అన్నా, ఇక మీకు. సువార్త ఎందుకు అన్నారు. ఒంగోలు మాదిగ పల్లెల్లో దాన్ని ముందుగా మోసిన ఎర్రగుంట్ల పేరయ్యనే చూడండి. ఆయన 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, అంతకు ముందు రాజయోగ మార్గంలో దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు. అలా వెతుకుతున్న రోజుల్లో దేవుడు ఆయన పక్కన లేడా? ఉన్నాడు కాబట్టే కదా విన్న వెంటనే గుర్తుపట్టాడు. విన్నాక బతుకులు కూడా మారాయి. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు తినం, విగ్రహాలకి మొక్కం అని నిలబడ్డారు, ఊరి పెద్దల చేత దెబ్బలు తిన్నారు. రక్షణ అంటే చచ్చాక దొరికే టికెట్టు ఒక్కటే అయితే మా తాతలు బతికుండగా ఆ దెబ్బలు ఎందుకు తింటారు? సువార్త అందుకు కావాలి.

యేసు పరదైసు మాట ఇచ్చిన శిలువ మీద దొంగ ఏ ఏట్లో మునిగాడు? రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటివాళ్ళ మీదికి పరిశుద్ధాత్మ బాప్తిస్మానికి ముందే దిగలేదా? అబ్రాహాము యేసు అనే పేరు వినలేదు, అయినా అతని నమ్మకం నీతిగా ఎంచబడింది. అజ్ఞానకాలములను దేవుడు చూచి చూడనట్టు ఉన్నాడని అదే ఏథెన్సు ప్రసంగంలో, అపొస్తలుల కార్యములు 17:30లో ఉంది. మైకు పట్టుకున్న ఆయనకి ఇవన్నీ తెలియవా? తెలిసి కూడా మా అమ్మ ముందు ఆ మాట ఎలా అనగలిగాడు?

వాక్యం_మాత్రమే:
అబ్రాహాముకి వాగ్దానం ఉంది బ్రదర్, అతను రాబోయేవాడి కోసం చూశాడు. మనవాళ్ళకి ఆ వాగ్దానం ఎక్కడ అందింది? 17:30లో సగం ఆపేశారు మీరు, ఇప్పుడైతే అందరూ మారుమనస్సు పొందాలి అని వెంటనే ఉంది. కాబట్టి అసలు విననివాళ్ళ విషయంలో నేను ఒప్పుకోను, అక్కయ్య చెప్పిన మహాసభ మాట కూడా నాకు వాక్యం కాదు.

కానీ మీ మొదటి పోస్టు ఇప్పుడు మళ్ళీ చదివాను. ఆమె బాప్తిస్మం అడిగింది అన్న ముక్క నేను సరిగ్గా పట్టించుకోలేదు, తప్పు నాదే. అడిగిన మనిషి విననిది ఎలా అవుతుంది? రోమా 10లో 14వ వచనం మీకు చూపించాను, దాని పైనే ఉన్న 13 వదిలేశాను. ప్రభువు నామమును బట్టి ప్రార్థన చేయువాడెవడో వాడు రక్షింపబడును అని ఉంది. అక్కడ నీళ్ళ ప్రస్తావన లేదు. ఆమె నరకంలో ఉందని ఆ ప్రసంగీకుడు ఏ వచనం పట్టుకుని అన్నాడో నాకు కనిపించడం లేదు. అమ్మగారిని అన్నం తినమని చెప్పండి.

గుండ్లకమ్మ:
అన్నా, ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. 13 అనగానే ఉండు కళ్ళజోడు తెచ్చుకుంటా అని ఫోను మంచం మీద పెట్టి వెళ్ళి, బైబిలు తీసి తనే పైకి చదివింది, రెండుసార్లు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "మరి ఆమెని కన్న అమ్మానాన్నలు? వాళ్ళ దగ్గరికి ఏ దొరా రాలేదు కదా?" అంది. రేపు రాత్రి డ్యూటీ దిగాక వస్తాను, 17:30 దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెడదాం.