ఆర్‌ఎక్స్ 100: చౌక్ తీస్తే ఆగిపోతోంది, కార్బురేటర్ మార్చక తప్పదా?

కర్నూలు కిక్కర్
అందరికీ నమస్తే. మా నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు, 1993 మోడల్, చాలా ఏళ్ళు షెడ్డులో కవర్ కిందే ఉండిపోయింది, ఇప్పుడు బయటికి తీశా. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోసి ప్లగ్గు కూడా మార్చా. చౌక్ వేసి కిక్ కొడితే వెంటనే స్టార్ట్ అయితాంది, చౌక్ ఉన్నంతసేపు స్లోలో కూడా నిలబడుతోంది, కానీ ఇంజిన్ బాగా వేడెక్కినాక కూడా చౌక్ తీస్తే చాలు టక్కున ఆగిపోతోంది. రేస్ పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే పోతుంది. మెకానిక్‌కి చూపిస్తే కార్బురేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగి పెట్టినాడు, తేడా ఏం లేదు, ఇది అయిపోయింది కొత్తది వేసేద్దాం అంటాండు. బండితో పాటు వచ్చిన మికుని కంపెనీ కార్బురేటర్ అది, నాన్న ఎప్పుడూ మార్చలేదు, తీసేయాలంటే నాకు మనసు రావట్లేదు. విప్పినప్పుడు కింద కప్పులో తెల్లటి పొడి, తుప్పు ఇసుక లాంటిది కనిపించింది. బాగుచేసే దారి ఉందా అన్నా?

పాతబస్తీ టూస్ట్రోక్
తమ్మీ, ఆ కార్బురేటర్ పారెయ్యకు. నువ్వు చెప్పిందాన్ని బట్టి స్లో జెట్ (స్లోలో పెట్రోల్ వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) దారి మూసుకుపోయినట్టున్నది. చౌక్‌కు పెట్రోల్ వచ్చే దారి వేరే ఉంటది, అందుకే దాని మీద నడుస్తున్నది. చౌక్ తీసినంక స్లోలో ఇంజిన్‌కు కావాల్సిన పెట్రోల్ మొత్తం స్లో జెట్ నుంచే రావాలె, అది రాకపోతే బండి ఆగక ఏం చేస్తది. రేస్ ఇస్తే పెట్రోల్ ఎక్కువ వదిలే నీడిల్, మెయిన్ జెట్ అందుకుంటయి కాబట్టి నడుస్తది.

పెట్రోల్‌ల ముంచి తీస్తే కడిగినట్టు కాదు. ముందుగాల స్లోలో గాలి ఎంత కలవాలో సరిచేసే ఎయిర్ స్క్రూ లోపలికి నెమ్మదిగ తిప్పుకుంట ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకో, గట్టిగ బిగించకు, మొన చెడిపోతది. తర్వాత దాన్ని స్ప్రింగ్‌తో సహా తియ్యి. కప్పు విప్పి, అండ్ల పెట్రోల్ మట్టం చూసే ఫ్లోట్ తీసి స్లో జెట్ బయటికి తియ్యి, స్క్రూడ్రైవర్ దాని గాడికి సరిగ్గ సరిపోవాలె లేకుంటే ఇత్తడి తల చెక్కుకపోతది. జెట్‌ను వెలుతురుకు పెట్టి చూడు, గుండ్రటి చుక్క సాఫ్‌గ కనపడాలె. సూది, ఇనుప వైరు అస్సలు పెట్టకు, రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ జెట్ మీద రాసిన నంబర్‌కు అర్థం ఉండదు. కరెంటు వైరు లోపలి సన్నటి రాగి పోగు ఒకటి చాలు.

అసలు పని బాడీల ఉన్నది. ఎయిర్ స్క్రూ బెజ్జంల నుంచి, స్లో జెట్ బెజ్జంల నుంచి కార్బ్ క్లీనర్ స్ప్రే కొడితే స్లైడ్‌కు (రేస్ ఇస్తే పైకి లేచే ముక్క) ఇంజిన్ వైపు ఉన్న చిన్న చిన్న రంధ్రాలల్ల నుంచి ధార రావాలె. రాకుంటే ఇంకా మూసుకునే ఉన్నట్టు. నానబెట్టి మళ్ళ కొట్టు, పంక్చర్ షాపుకు తీస్కపోయి గాలి కొట్టించు, ధార వచ్చేదాంక వదలకు. కండ్లద్దాలు పెట్టుకో, ఆ స్ప్రే తిరిగొచ్చి మొఖం మీదనే పడ్తది. ఫ్లోట్, రబ్బర్ వాషర్లకు మాత్రం స్ప్రే తగలనియ్యకు.

నల్గొండ రైడర్
ఇంత కష్టం ఎందుకు అన్నా, ఆన్‌లైన్‌ల కొత్తవి చవకగ దొరుకుతున్నయి కదా, బిగించి తిరగొచ్చు.

పాతబస్తీ టూస్ట్రోక్
చవకగ వచ్చేటియి ఎక్కువ డూప్లికేట్లే. బయటికి చూస్తే ఒక్కతీరే ఉంటయి, లోపల స్లైడ్ కోత, నీడిల్ వాలు, జెట్ కొలత ఏదీ కంపెనీదానితో కలవదు. ఫోర్‌స్ట్రోక్ అయితే మైలేజ్ పోయింది అనుకుంటం, టూస్ట్రోక్‌ల పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైతే పిస్టన్ వేడెక్కి బోర్‌ల పట్టేస్తది. 2టీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజిన్‌కు వాడే ఆయిల్) పంప్ మంచిగ పనిచేస్తున్నా ఆ వేడి ఆగదు. వాషర్లు, ఫ్లోట్ పిన్ లాంటి చిన్న సామాన్లు కావాలంటే హైదరాబాద్ పుత్లీబౌలిల అడుగుర్రి, పాత పీస్ చేతుల పట్టుకపోయి కలిపి చూసుకునే తీస్కోర్రి.

బెజవాడ గ్యారేజ్
పైన చెప్పింది కరెక్టే గానీ టాంకు సంగతి ఎవరూ అనలేదేంటండి. కప్పులో తుప్పు కనిపించిందంటే అది టాంకులోంచి దిగిందే, కార్బురేటర్ ఎంత మెరిసేలా కడిగినా టాంకు వదిలేస్తే మళ్ళీ జెట్ మూసుకుపోద్ది. టాంకు దించి, పెట్రోల్ కాక్ తీసి ఆ బెజ్జం మూసి, నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్ళు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి, తుప్పు చాలావరకు వదిలేస్తుంది. తర్వాత వంట సోడా నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి కొంచెం పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పాలి, తడిగా వదిలితే గంటల్లోనే కొత్త తుప్పు పడుతుంది. ఆ నీళ్ళు పెయింట్ మీద కారకుండా చూసుకోండి, ఒరిజినల్ స్టిక్కర్లు మళ్ళీ దొరకవు. కాక్ మీది జాలీ, టాంకు మూతలో గాలి రంధ్రం కూడా శుభ్రం చేయండి.

తెల్ల పొడి నీళ్ళు చేరడం వల్ల వచ్చింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి కప్పు అడుగుకి చేరి లోహాన్ని తినేస్తాయి. ఈ బండ్లు తయారైన 1985 నుంచి 1996 మధ్య ఆ పెట్రోలే లేదు, అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు, కాబట్టి పెట్రోల్ పైపు, కప్పు గ్యాస్కెట్ కొత్తవి వేయండి. కొన్ని వారాలు తీయనప్పుడు కప్పు కింద డ్రెయిన్ స్క్రూ విప్పి ఖాళీ చేసేయండి.

కర్నూలు కిక్కర్
అన్నలూ థాంక్స్! స్లో జెట్ పూర్తిగా మూసుకుపోయింది, వెలుతురు అస్సలు కనిపించలేదు. బాడీలో ఒక రంధ్రం నుంచి మాత్రం ధార రావడానికి చాలాసేపు పట్టింది. టాంకు కూడా నిమ్మ ఉప్పుతో చేసినా, ఎంత తుప్పు వచ్చిందో చెప్పలేను. ఇప్పుడు చౌక్ లేకుండా స్లోలో నిలబడింది, ఆ శబ్దం విని నాన్న లోపల్నించి వచ్చి సీటు మీద చెయ్యి వేసి అట్లే నిలబడినాడు. ఒక్కటే డౌటు, రేస్ ఇచ్చి వదిలితే వెంటనే దిగట్లేదు, కొంచెంసేపు పైనే ఉండి మెల్లగా దిగుతోంది. ఎయిర్ స్క్రూ ముందున్నట్టే చుట్టున్నర బయటికి ఉంది.

బెజవాడ గ్యారేజ్
సంతోషమండి. ముందు యాక్సిలరేటర్ కేబుల్‌కి కొంచెం లూజు ఉందా, స్లైడ్ పూర్తిగా కిందికి పడుతోందా చూడండి. అవి బాగుంటే ఎక్కడో గాలి లాగుతోంది. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బర్ జాయింట్ వంచి చూడండి, ఇన్నేళ్ళ రబ్బరు కదా, సన్నటి పగుళ్ళు ఉంటాయి. అదీ బాగుంటే మాగ్నెట్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ (గాలి ఇంజిన్ లోపలికి రాకుండా ఆపే రబ్బర్ రింగు) మీద అనుమానం. ఇది తేలేదాకా ఫుల్ రేస్ మీద లాగొద్దు, ఊళ్ళోనే నెమ్మదిగా తిప్పండి.

పాతబస్తీ టూస్ట్రోక్
అవును, ముందుగాల రబ్బర్ మార్చి చూడు, సీల్ పని అంటే మాగ్నెట్ విప్పాలె. కొన్ని కిలోమీటర్లు తిరిగినంక ప్లగ్గు తీసి ఫొటో పెట్టు తమ్మీ. లేత గోధుమ రంగుంటే ఫికర్ లేదు, తెల్లగ ఉంటే మాత్రం బండి బయటికి తియ్యకు, గాలి ఎక్కడ లాగుతున్నదో దొరికినంకనే తియ్యి.