ప్రాట్‌లో వందల టెక్స్ట్‌గ్రిడ్ ఫైళ్లు ఒకేసారి నడపాలి, టైర్లు కుదరడం లేదు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా గజపతి జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్లకు వెళ్లి రికార్డింగులు చేస్తున్నాం. పర్లాకిమిడి, కాశీనగర్, వంశధార పక్క పల్లెలు. ఒడియాలో అచ్చుల పొడుగును బట్టి అర్థం మారదు కదా, మరి ఒడియా బడిలో చదివిన పిల్లలు తెలుగులో దీర్ఘాలు కుదించేస్తున్నారా అని కొలవాలి.

ఫైళ్లు రెండొందల పైనే ఉన్నాయి. ముగ్గురం పంచుకుని, మాటల ధ్వనిని కొలిచే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ధ్వని మీద గీతలు గీసి లేబుళ్లు రాశాం. అవి టెక్స్ట్‌గ్రిడ్ ఫైళ్లలో, టైర్లనే వరసల్లో (పదాలకు ఒకటి, అచ్చులకు ఒకటి) ఉంటాయి. ఇప్పుడు ఒక్కోటి తెరిచి, అచ్చు మీద నొక్కి, నిడివి ఎక్సెల్‌లో కొట్టుకుంటూ కూర్చుంటే దసరా వచ్చేస్తుంది. నెట్‌లో దొరికిన స్క్రిప్టు (ప్రాట్ చేత వరసగా పనులు చేయించే చిన్న ప్రోగ్రాం) మధ్యలో ఆగిపోతోంది. ఆగని ఫైళ్లలో అచ్చులకు బదులు పదాల నిడివి ఇస్తోంది! పైగా మా తమ్ముడు అవే ఫైళ్లను పైథాన్‌లో తెరిస్తే తెలుగు కాదు, చెత్త కనిపిస్తోంది. నాకు ప్రోగ్రామింగ్ రాదు, చెప్తే చేస్తాను.

జవాబు (రాయగడ)

ఆ స్క్రిప్టులో టైర్ 2 అని అంకె వేసి ఉంటుంది, చూడండి. మీలో ఒకరు పదాలు పైన, అచ్చులు కింద పెట్టి ఉంటారు, ఇంకొకరు తిరగేసి ఉంటారు. రెండో టైరే లేని ఫైలు తగిలితే ఆగిపోతుంది. అంకెను నమ్మకండి, పేరుతో వెతికించండి.

కొలత తర్వాత. ముందు తనిఖీ స్క్రిప్టు ఒకటి నడపండి. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా తీసుకుని, ఒక్కో టెక్స్ట్‌గ్రిడ్ తెరిచి, ఎన్ని టైర్లు, వాటి పేర్లేంటి, ఖాళీ లేబుళ్లు ఎన్ని అని ఒక పట్టికలో రాయాలి, అంతే. ఫైలు పని అయిపోగానే దాన్ని ఆబ్జెక్ట్స్ కిటికీలోంచి తీసేయమని లూపులోనే రాయండి, లేకపోతే అన్నీ అక్కడే పేరుకుపోతాయి. మార్చిన ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి. అసలు వాటి జోలికి వెళ్లొద్దు.

పైథాన్ గొడవ చిన్నది. తెలుగు అక్షరాలు ఉంటే ప్రాట్ ఫైలును యూటీఎఫ్-16లో (అక్షరాలను ఫైలులో దాచే ఒక పద్ధతి) దాచి ఉండొచ్చు. టెక్స్ట్ రైటింగ్ ప్రిఫరెన్సెస్‌లో యూటీఎఫ్-8 పెట్టి మళ్లీ సేవ్ చేయిస్తే సరి.

జవాబు (బరంపురం)

పైవారు చెప్పింది నిజం. ఇంకోటి, లేబుళ్లు కూడా చూసుకోండి. మీ వైపు ఇళ్లలో 'ఏటి' అంటారు, ముగ్గురిలో ఒకరైనా దాన్ని 'ఏమిటి' అని దిద్ది ఉంటారని నా పందెం. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి మనం ఇంకా నోటిమాటను దిద్దుతూనే ఉన్నాం! అది స్క్రిప్టుకు దొరకదు, విని సరిచేయాల్సిందే. లేబుల్ చివర మిగిలిన ఖాళీలు మాత్రం స్క్రిప్టే తీసేస్తుంది.

రేపు ఫార్మెంట్లు (ఏ అచ్చో తెలిపే నోటి ప్రతిధ్వని పౌనఃపున్యాలు) కూడా తీద్దాం అనుకుంటే అందరికీ ఒకే సెట్టింగ్ పెట్టకండి. గరిష్ఠ పరిమితి మగవాళ్లకు 5000 హెర్ట్జ్, ఆడవాళ్లకు 5500, చిన్నపిల్లలకు ఇంకా పైకి. మాట్లాడినవారు ఎవరో ఫైలు పేరులో ఒక అక్షరంతో గుర్తు పెట్టుకుంటే స్క్రిప్టు చూసుకుని మార్చుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు

తనిఖీ నడిపాను. అచ్చుల టైరుకు మూడు రకాల పేర్లు! ఒకదాంట్లో పేరు చివర ఖాళీ ఉంది, కంటికి ఆనలేదు. 'ఏటి' మాట కూడా నిజమేనండి, ఎవరో చెప్పను. పేర్లన్నీ ఒకటి చేశాక నిడివి పట్టిక ఆగకుండా వచ్చింది. కానీ ఒకరి అచ్చులు అన్ని ఫైళ్లలోనూ మిగతా ఇద్దరివాటికంటే పొడుగ్గా ఉన్నాయి. పిల్లల తేడా కాదు, గీతల తేడా అనిపిస్తోంది. 'మ' ముందు అచ్చును ఎక్కడ ఆపాలి?

జవాబు (రాయగడ)

స్పెక్ట్రోగ్రామ్‌లో (ప్రాట్ చూపించే ధ్వని బొమ్మ) నలుపు ఒక్కసారిగా పలచబడే చోట ఆపండి. 'య', 'వ' పక్కన అలా తెగదు, ఆ పదాలు మొదటి విడత లెక్కలోంచి తీసేయండి. కొన్ని ఫైళ్లు ముగ్గురూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా మళ్లీ గీసి, ఆ తేడా ఎంతో ముందు తేల్చుకోండి. పిల్లల తేడా దానికంటే చిన్నదైతే పట్టిక ఎవరికీ చూపించకండి.