పన్నెండో వంతు డోసు: వైద్యమా, సర్దుబాటా?

గుణుపురం గుంటడు:
మా పిన్నికి 58 ఏళ్లు. ముప్ఫై ఏళ్లు అడ్డపొగ తాగింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం అంటే ఏంటో మనవైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. అంగిలి మీద పుండు, ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు మెడలో మళ్లీ గడ్డ లేచింది. విశాఖలో ఒక డాక్టరు నివోలుమాబ్ ఇమ్యునోథెరపీ చెప్పారు, రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. అంచనా చూసి మా బాబాయి వంశధార పక్క రెండెకరాలు బేరం పెట్టేశాడు. ఇంకో డాక్టరేమో మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, దాంతోపాటు మాత్రలు చాలన్నారు. ఇది వైద్యమేనా, డబ్బులేనోళ్లని ఊరడించడమా?

పర్లాకిమిడి మాస్టారు:
ఊరడింపే, బాబూ. ఎకరానికి బస్తా ఎరువు వేయమంటే గుప్పెడు చల్లి పంట కోసం ఎదురుచూసినట్టుంది. ఉన్నవాడికి 240, మనకి 20. పాతపట్నం అవతల ఆంధ్రాలో ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ), ఇవతల ఒడిశాలో ఉన్నందుకు అదీ లేదు. చివరికి మందు కూడా కొసరేనా?

బరంపురం ల్యాబక్క:
టీ కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, వాటి మీదే నా పని కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

మాస్టారూ, ఎరువు పోలిక కీమోకి కొంత నప్పుతుందేమో, దీనికి నప్పదు. ఈ మందు క్యాన్సర్‌ని ముట్టుకోదు. టీ కణం ఒంటి మీద పీడీ-1 అనే తాళం కన్నం లాంటిది ఉంటుంది. జపాన్‌లో హోంజో బృందం 1992లో దాన్ని కనుక్కుంది. క్యాన్సర్ కణం తన తాళంచెవి అందులో తిప్పి, తనని చంపాల్సిన టీ కణాన్ని పడుకోబెడుతుంది. మందు చేసేదల్లా ఆ కన్నంలో మైనం పెట్టడం. కన్నం నిండాక ఇంకో పదకొండు ముద్దలు తెచ్చినా ఎక్కడ పెడతారు? తొలి రోజుల పరీక్షల్లోనే, ఒక్క డోసు తర్వాత రెండు నెలలకి పైగా మందు టీ కణాలకి అంటుకునే ఉందని తేలింది. పీడీ-1 లాగే టీ కణాన్ని ఆపే సీటీఎల్‌ఏ-4 అనే ఇంకో బ్రేకు మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త ఆలిసన్‌తో కలిపి హోంజోకి 2018లో నోబెల్ ఇచ్చారు.

ముంబై టాటా మెమోరియల్‌లో తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు జట్లు చేశారు. మూడు రకాల మాత్రలే వాడినవాళ్లలో ఏడాదికి బతికున్నది 16.3 శాతం. వాటికి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపితే 43.4 శాతం.

పర్లాకిమిడి మాస్టారు:
బాగుందమ్మా. కానీ పోల్చింది ఎవరితో? అసలు ఈ ఇంజెక్షనే వేసుకోనివాళ్లతో. 240 వేసుకున్నవాళ్లతో కాదుగా?

బరంపురం ల్యాబక్క:
కాదు. అక్కడ మీరు పట్టుకున్నది సరైన పాయింటే. రెండు డోసులూ సమానమని ఆ పరీక్ష చెప్పదు. మాత్రలొక్కటే ఇవ్వడం కన్నా ఇది చాలా మేలని మాత్రం చెబుతుంది. కానీ గుంటడి ఇంట్లో అసలు ప్రశ్న అదే కదా?

కొరాపుట్ కుర్రాడు:
రాష్ట్రపతి ముర్ము గారు 2024 ఏప్రిల్‌లో ఐఐటీ బాంబేలో ప్రారంభించిన కార్-టీ, అదే రోగి టీ కణాలనే మార్చి మళ్లీ ఎక్కించే చికిత్స, ఉంది కదా, అది చేయిస్తే పోలా?

బరంపురం ల్యాబక్క:
తమ్ముడూ, అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకి. నోటికి కాదు.

జయపురం సీతక్క:
మా మావయ్యకి ఈ చిన్న డోసే నడిచింది. సీసాలో 40 మిల్లీగ్రాములుంటాయి, ఇద్దరికి సరిపోతుంది. మాతో పంచుకున్నాయన రాయగడ నుంచి వచ్చేవారు. ఆయన బస్సు లేటైతే మాకు ఒకటే టెన్షన్. నర్సు సీసా చేతిలో పట్టుకుని "మీ జోడీ ఏరీ?" అని అడిగేది.

డోసు చిన్నదని ఏమరకండి. మావయ్యకి విరేచనాలు పట్టుకుంటే ఏదో తిన్నది పడలేదని మజ్జిగన్నం పెట్టి మూడు రోజులు ఊరుకున్నాం. తీరా చూస్తే బ్రేకు తీసిన టీ కణాలు పేగు మీద పడ్డాయట. స్టెరాయిడ్లు పెట్టాకే తగ్గింది. ఆయాసమో, విరేచనాలో మొదలైతే ఆరోజే డాక్టరుకి ఫోన్ చేయండి.

పర్లాకిమిడి మాస్టారు:
పొలం అమ్మొద్దనే నేనూ అంటాను. అయితే 20తోనే సరిపెట్టుకోమని మనకి మనం చెప్పుకుంటే, రేపు ప్రభుత్వం కూడా అదే మాట అంటుంది. నా బాధ అది.

గుణుపురం గుంటడు:
బాబాయి బేరం ఆపాడు. రద్దు చేయలేదు, ఆపాడంతే. గురువారం ప్యాసింజరులో పిన్నిని తీసుకెళ్తున్నాం. కాశీనగర్, గుణుపురం వైపు ఈ డోసు మీద ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఒకే రోజు వెళ్లేలా చూసుకుందాం. సగం సీసా మాది.