బరంపురంలో ఆర్టిస్టుల రెసిడెన్సీ: ఏర్పాట్లు ఎలా?

ప్రశ్న: నలుగురం చిత్రకారులం. పాత ఇల్లు అద్దెకు తీసుకుని, ఇద్దరు బయటి కళాకారుల్ని నెలపాటు ఉంచుకోవాలనుకుంటున్నాం. ఒకరు విదేశీయుడు. పట్టచిత్రం (గుడ్డమీద వేసే ఒడిశా బొమ్మలు), సవర గిరిజనుల చిత్రాలు చూపించాలి. జులై బాగుంటుందా?

జవాబు 1: జులై వద్దండీ. పట్టచిత్రానికి గుడ్డ తయారీయే అసలు పని. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురుతో రెండు నూలుగుడ్డలు అతికించాలి. పైన సుద్దపొడి కలిపిన జిగురు పూసి ఆరాక, గరుకురాయితో ఒకసారి, నున్నటి రాయితో మరోసారి రుద్దాలి. వానాకాలంలో పొర ఆరదు, బూజు పడుతుంది. తడి ఉండగానే రుద్దితే పెచ్చులు లేస్తుంది. డిసెంబరు, జనవరి మేలు.

జవాబు 2: విదేశీయుడు దిగిన 24 గంటల్లోగా ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) సైటులో వివరాలు పెట్టాలి, సొంతింట్లో ఉంచినా సరే. ఇల్లుగలాయనకు ముందే చెప్పండి, తర్వాత పోలీసులొస్తే ఆయన బెదిరిపోతాడు. డబ్బు ఇంకో తలనొప్పి: ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేనిదే విదేశీ విరాళం తీసుకోకూడదు. ఆ విదేశీయుడి ఖర్చులు ఆయన్నే నేరుగా పెట్టుకోమనండి.

జవాబు 3: సవర గోడచిత్రం ‘ఇడితాల్’ అలంకారం కాదు, పూజకు వేసేది. ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో వేస్తారు. గజపతి, రాయగడ జిల్లాల సవర ఊళ్లకెళ్తే ఇంటివాళ్లను అడగందే ఫోటోలొద్దు. వేసేవారిని నగరానికి పిలిస్తే రోజుకూలీ, చార్జీలు ముందే మాట్లాడుకోండి. సర్టిఫికెట్టుతో సరిపెట్టకండి బాబూ. ఒడియా, సవర రెండూ వచ్చినవాళ్లు ఒకరు వెంట ఉండాలి, మన తెలుగుతో అక్కడ పని జరగదు.